మూడోసారి గట్టెక్కిన మేధావి – యల్లాప్రగడ సుబ్బారావు

పరీక్ష ఒకసారి తప్పితే పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయేవారిని మన హాస్టళ్లలో చూస్తూనే ఉంటాం. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన ఒక తెలుగువాడి కథ ఇది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో పుట్టారు. మామగారి సాయంతో మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుడి కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ వ్యాధి అన్నను బలి తీసుకుంది.

1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. సైరస్ ఫిస్క్‌తో కలిసి, కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.

దీనితో మనకేం పని? ఊపిరితిత్తుల్లో బాక్టీరియా చొరబడితే, దాన్ని మింగి చంపే రక్షక కణాలకు ఏటీపీ శక్తి కావాలి. బాక్టీరియా కూడా కణమే. అదీ తినాలి, పెరగాలి, ప్రొటీన్లు తయారుచేసుకోవాలి. మన కణాల పని చెడకుండా దాని పని ఆపగలిగితే రోగి బతుకుతాడు. చాలా యాంటీబయాటిక్ మందుల కిటుకు ఇదే.

1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. ఈ విటమిన్ మనకు తిండి నుంచి అందుతుంది. చాలా బాక్టీరియాలు సొంతంగా తయారుచేసుకుంటాయి. సల్ఫా మందులు అడ్డుకునేది ఆ తయారీనే. ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. అది బాక్టీరియా ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. పెన్సిలిన్‌కు లొంగని కొన్ని రకాల న్యుమోనియాకూ పనిచేసింది. దాని కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్‌ను డాక్టర్లు నేటికీ న్యుమోనియాకు వాడుతున్నారు.

ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడనే లేదు. నోబెల్ బహుమతీ రాలేదు. 1995లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినప్పుడు, తప్పిన పరీక్ష గురించి ధైర్యం చెప్పేవారు ఇంట్లో ఉండరు. ఆ మాట మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! తప్పితే మళ్లీ ఫీజు కట్టండి. పెట్టె మాత్రం సర్దకండి.