జేవర్గి సమాధులు తవ్విన మెడోస్ టేలర్



కలబురగి నుంచి దక్షిణంగా భీమా నది దాటి సుమారు 40 కిలోమీటర్లు పోతే జేవర్గి వస్తుంది. ఆ ఊరి దగ్గర నేల మీద గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్ల కింద రెండు మూడు వేల ఏళ్ల కిందటి మనుషుల సమాధులు ఉన్నాయని 1850ల్లో లోకానికి చెప్పిన మనిషి ఫిలిప్ మెడోస్ టేలర్. కథల పుస్తకాలు చదివేవాళ్లకు ఆయన రచయితగా తెలుసు, సురపురం వాళ్లకు టేలర్ దొరగా తెలుసు. ఈసారి ఆయన జీవితం గురించి, ఆయన చూసిన ఎముకల గురించి చెప్పుకుందాం.

పదిహేనేళ్ల కుర్రాడు

టేలర్ 1808 సెప్టెంబర్ 25న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టాడు. పదిహేనేళ్లకే ఓడెక్కి 1824లో బొంబాయి వచ్చాడు. ఒక వ్యాపారి కొట్లో పని చేయాలని వచ్చాడు గానీ ఆ వ్యాపారం అప్పటికే దెబ్బతిని ఉంది. బంధువు ఒకాయన సాయంతో హైదరాబాద్ నిజాం కొలువులో చిన్న ఉద్యోగం దొరికింది. అప్పట్లో మన బీదర్ కూడా నిజాం రాజ్యంలోదే.

పెద్ద చదువులు చదివే అవకాశం ఆయనకు రాలేదు. అయినా ఉద్యోగం చేసుకుంటూనే మరాఠీ, హిందుస్తానీ, పారసీ నేర్చుకున్నాడు. భూమి కొలవడం, రోడ్లు వేయించడం, బొమ్మలు గీయడం, రాళ్లూ మొక్కలూ గుర్తుపట్టడం కూడా సొంతంగానే నేర్చాడు. నాలుగు భాషలు వినిపించే మన ఊళ్లో పెరిగే పిల్లలకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ఎదుటివాళ్ల భాష వస్తేనే వాళ్లు మనసు విప్పి మాట్లాడతారు.

ఆ రోజుల్లో దారుల్లో థగ్గుల బెడద ఉండేది. బాటసారులతో స్నేహం చేసి, రుమాలుతో గొంతు బిగించి చంపి, అక్కడికక్కడే పాతిపెట్టేవాళ్లు. పట్టుబడ్డ థగ్గుల్లో కొందరు అప్రూవర్లుగా మారి చెప్పిన వాంగ్మూలాలను టేలర్ రాసుకున్నాడు. ఆ అనుభవంతోనే 1839లో కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్ అనే నవల రాశాడు. అది ఇంగ్లండ్‌లో బాగా పేరు తెచ్చుకుంది.

సురపురంలో పన్నెండేళ్లు

1841లో ఆయన్ని సురపురం సంస్థానానికి పంపారు. ఇది ఇప్పుడు యాదగిరి జిల్లాలో ఉంది. అక్కడి బేడ నాయకుల వంశపు రాజు వెంకటప్ప నాయక అప్పటికి చిన్నపిల్లవాడు. ఆయన పెద్దయ్యేదాకా పాలన చూసుకునే బాధ్యత టేలర్‌ది. 1853 వరకు అక్కడే ఉన్నాడు. ఆయన ఉన్న బంగళాను టేలర్ మంజిల్ అంటారు. పక్షులకు పేరుపడ్డ బోనాళ చెరువును బాగు చేయించింది కూడా ఆయనే.

ఇంకో సంగతి దాచకూడదు. 1857-58లో అదే వెంకటప్ప నాయక ఇంగ్లీషు వాళ్ల మీద తిరగబడ్డాడు, పట్టుబడ్డాడు, 1858లోనే చనిపోయాడు. ఈ రోజు కర్ణాటక ఆయన్ని స్వాతంత్ర్య వీరుడిగా తలుచుకుంటుంది. టేలర్ ఎంత మంచి అధికారి అనిపించుకున్నా పరాయి పాలన మనిషే. ఆయన చేసిన మంచి పనిని మెచ్చుకుంటూనే ఈ మాట గుర్తుంచుకోవాలి.

రాళ్ల కింద ఏముంది?

సురపురం ప్రాంతంలో తిరుగుతుంటే టేలర్‌కు రాతి గుండాలు, బండలతో కట్టిన చిన్న గదులు కనిపించాయి. రాజన్ కోళూరు దగ్గర బండల గదులు, విభూతిహళ్లి దగ్గర వరసలుగా నిలిపిన రాళ్లు చూశాడు. కన్నడ వాళ్లు ఇలాంటి గదులను మోర్యర మనె అంటారు, అంటే మోర్యుల ఇళ్లు. మన తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్లు అంటారు. ఇనుము వాడటం వచ్చిన కాలంలో చనిపోయినవాళ్ల కోసం కట్టినవి ఇవి.

జేవర్గిలో ఆయన వాటిని తవ్వించాడు. అప్పట్లో చాలామంది కుండలో కత్తో దొరికితే చాలు, అది తీసుకుని మట్టి అవతల పారేసేవాళ్లు. టేలర్ అలా చేయలేదు. పై నుంచి కింది దాకా ఏ పొరలో ఏముందో, రాయి ఎక్కడుందో, ఎముకలు ఎటు తిరిగి ఉన్నాయో నిలువుకోత బొమ్మగా గీశాడు. వందేళ్ల తర్వాత మన దేశపు పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేసిన మార్టిమర్ వీలర్ ఆ బొమ్మను తన పుస్తకంలో వేసి, కాలానికంటే ఎంతో ముందున్న పని అని మెచ్చుకున్నాడు.

ఆ సమాధుల్లో కొన్నిట్లో ఒకరికంటే ఎక్కువ మంది ఎముకలు ఉన్నాయి. కొన్నిచోట్ల తలలు మొండేలకు దూరంగా పడి ఉన్నాయి. ఇది నరబలి అయి ఉంటుందని, ఈ జనం ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన శకుల వంటివాళ్లని టేలర్ అనుకున్నాడు.

చూసింది వేరు, ఊహించింది వేరు

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. తల దూరంగా ఉంది అన్నది కంటితో చూసిన విషయం. నరికారు అన్నది ఊహ. దక్షిణ దేశంలో ఆ కాలపు సమాధులు చాలావాటిలో శవాన్ని ముందు ఇంకో చోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి పెట్టేవాళ్లని ఇప్పుడు తెలుసు. అలా పెట్టినప్పుడు తల ఒకచోట, కాళ్లు ఒకచోట ఉండటం వింతేమీ కాదు. నరికారని చెప్పాలంటే మెడ ఎముక మీద కత్తి గాటు కనబడాలి.

ఇంకా పెద్ద ప్రశ్న: ఆ ఎముకలు ఎవరివి? ఆడవాళ్లవా, మగవాళ్లవా, పిల్లలవా? బలి ఇచ్చారంటే ఎవరిని ఇచ్చారు? ఒకే కుటుంబం వాళ్లా? ఇవి తేల్చే పద్ధతులు టేలర్ కాలంలో ఇంకా సరిగ్గా రూపు దిద్దుకోలేదు. ఇప్పుడున్నాయి.

ఆడా మగా తేడా చూడటానికి ముందుగా చూసేది నడుము కింది కటి ఎముక. బిడ్డ పుట్టే దారి కావాలి కాబట్టి ఆడవాళ్లలో అది వెడల్పుగా ఉంటుంది. ముందువైపు రెండు ఎముకలు కలిసే చోట కింద ఏర్పడే కోణం పెద్దగా ఉంటుంది. మగవాళ్లలో ఆ కోణం ఇరుకు. కటి ఎముక చెడిపోకుండా దొరికితే నూటికి తొంభైకి పైగా సరిగ్గా చెప్పగలరు. అది దొరక్కపోతే పుర్రె చూస్తారు. కనుబొమ్మల పైన గట్టు, చెవి వెనక తగిలే బుడిపె మగవాళ్లలో సాధారణంగా పెద్దగా ఉంటాయి. మీ చెవి వెనక వేలు పెట్టి చూడండి, ఆ బుడిపె తగులుతుంది. కానీ బలమైన ఆడవాళ్లు, సన్నటి మగవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. అందుకే నిపుణులు ఇది ఫలానా అని తీర్పు చెప్పరు, ఫలానా అయ్యే అవకాశం ఎక్కువ అని అంచనా చెబుతారు. యుక్తవయసు రాని పిల్లల ఎముకలు చూసి ఆడో మగో నమ్మకంగా చెప్పడం కుదరదు.

పళ్లు చెప్పే సాక్ష్యం

ఎముక మట్టిలో కలిసిపోయినా పళ్లు మిగులుతాయి. పంటి మీద ఉండే పింగాణీ పొర, అంటే ఎనామెల్, మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది. దొరికిన పన్ను ఏదో గుర్తుపట్టడం మీరూ నేర్చుకోవచ్చు. అద్దం ముందు నిలబడి నోరు తెరవండి. ముందు ఉలి అంచులాగా పలచగా ఉన్నవి కొరికే పళ్లు. వాటి పక్కన ఒకే మొన ఉన్నది కోరపన్ను, దాని వేరు అన్నిటికంటే పొడుగు. ఆ తర్వాతి రెండూ ముందు దవడపళ్లు, మామూలుగా రెండు మొనలు ఉంటాయి. వెనక వెడల్పుగా ఉన్నవి దవడపళ్లు. పై దవడపళ్లకు సాధారణంగా మూడు వేళ్లు, కింది వాటికి రెండు. వేళ్లు చూస్తేనే పన్ను పైదా కిందదా చాలావరకు తెలిసిపోతుంది.

వయసు కూడా పళ్లే చెబుతాయి. పాలపళ్లు 20, పెద్దపళ్లు 32. ఊడని మొదటి దవడపన్ను సుమారు ఆరేళ్లకు వస్తుంది. జ్ఞానదంతం చాలామందికి 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తుంది, కొందరికి రానే రాదు. పాలపళ్ల వెనక ఆ మొదటి దవడపన్ను అప్పుడే పైకి వస్తున్న దవడ ఒకటి సమాధిలో దొరికిందనుకోండి, అది ఒకటో తరగతి పిల్లాడి వయసు ఉన్న పసివాళ్లదని తెలుస్తుంది. వేల ఏళ్ల కింద ఒక తల్లి ఏడ్చిందని కూడా తెలుస్తుంది.

ఆడా మగా తేడా పన్ను ఆకారంలో అంతగా కనబడదు. మగవాళ్ల కోరపళ్లు కాస్త పెద్దవి అంతే. కానీ ఈ మధ్య కొత్త దారి దొరికింది. ఎనామెల్‌లో ఉండే ఒక ప్రోటీన్ ఆడవాళ్లలో, మగవాళ్లలో కొద్ది తేడాతో ఉంటుంది. ఒక్క పన్ను ఉన్నా, అది చిన్నపిల్లలదైనా ఆ తేడా పట్టుకోవచ్చు. మనలాంటి వేడి ప్రాంతాల్లో డీఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది కాబట్టి ఈ పద్ధతి ఎంతో ఉపయోగం.

చివరి రోజులు

టేలర్ 1860లో ఉద్యోగం విడిచాడు. తర్వాత తార, సీత వంటి నవలలు, విద్యార్థుల కోసం భారతదేశ చరిత్ర రాశాడు. చివరికి కంటిచూపు మందగించింది. అయినా 1875లో మళ్లీ హైదరాబాద్ వచ్చాడు. ఇక్కడ జ్వరం పట్టుకుంది. తిరుగు ప్రయాణంలో 1876 మే 13న ఫ్రాన్స్‌లోని మెంటన్‌లో కన్నుమూశాడు. ఆయన స్వీయచరిత్ర మరుసటి ఏడాది అచ్చయింది.

ఆయన ఊహల్లో చాలావాటిని ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. కానీ ఆయన గీసిన బొమ్మ ఇప్పటికీ పనికొస్తోంది. చూసింది చూసినట్టు రాసిపెట్టడం వల్లనే తర్వాతివాళ్లు ఆయన ఊహను సరిదిద్దగలుగుతున్నారు. సైన్సు ప్రయోగం నోటు పుస్తకంలో పరిశీలన ఒకచోట, నిర్ణయం ఇంకోచోట రాయమని టీచర్లు ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా!

తల్లిదండ్రులకు ఒక మనవి. మన చుట్టుపక్కల జిల్లాల్లో ఇలాంటి రాతి గుండాలు పొలం చదును చేసేటప్పుడు, రాయి కొట్టేటప్పుడు, మట్టి తవ్వేటప్పుడు పోతున్నాయి. జేసీబీ ఒక్కసారి తిరిగితే పొరలన్నీ కలిసిపోతాయి. ఆ తర్వాత ఎంత పెద్ద నిపుణుడు వచ్చినా ఎముక ఎవరిదో, ఎలా పెట్టారో చెప్పలేడు. మీ పొలంలో గానీ దారిలో గానీ గుండ్రటి రాళ్ల వరస, నలుపు ఎరుపు కుండ పెంకులు కనబడితే కదిలించకండి. ఫోన్‌లో ఫొటో తీసి తహసీల్దారు కార్యాలయానికో, పురావస్తు శాఖకో తెలపండి. మనిషి ఎముకలు, పళ్లు కనబడితే ముందు పోలీసులకు చెప్పండి. పాతవో కొత్తవో తేల్చాల్సింది వాళ్లు. పిల్లలూ, మీరైతే దేన్నీ ముట్టకుండా నేరుగా ఇంట్లో పెద్దవాళ్లకో మీ టీచర్‌కో చెప్పండి.