మన అడవిని చదివినవాడు, మనకు కంపచెట్టు తెచ్చినవాడు



వార్షికోత్సవ సంచికలో పెద్దల జీవిత చరిత్రలు చదవడం మనకు అలవాటే. ఈసారి మేము ఒక అడవి అధికారి కథ రాస్తున్నాము. ఆయన పేరు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. వృక్షశాస్త్రం చదివేవాళ్ళకూ, అటవీశాఖలో పనిచేసేవాళ్ళకూ ఇది బాగా తెలిసిన పేరు. లేపాక్షిలో, హిందూపురంలో, పెనుకొండలో అడిగితే ఆ పేరు చెప్పేవాళ్ళు అరుదు. కానీ ఆయన తెప్పించి నాటించిన చెట్టును ఎరగని పిల్లవాడు మన సీమలో లేడు. అదే మన కంపచెట్టు. కొన్ని ఊళ్ళలో సర్కారు తుమ్మ అంటారు, కన్నడ సరిహద్దు ఊళ్ళలో సీమజాలి అంటారు. ఆ ముల్లు కాలిలో గుచ్చుకోని వాళ్ళు మన హాస్టల్‌లో ఒక్కరైనా ఉన్నారా?

బాల్యం, కొలువు

బెడ్డోమ్ 1830 మే 11న లండన్ నగరంలో పుట్టారు. తండ్రి న్యాయవాద వృత్తిలో ఉండేవారు. కొడుకు కూడా అదే దారిలో నడవాలని ఇంట్లో అనుకున్నారు. చార్టర్‌హౌస్ అనే పేరున్న బడిలో చదివించారు. ఆ కుర్రవాడికి మాత్రం న్యాయశాస్త్రం మీద మనసు నిలవలేదు. 1848లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే మన తమ్ముళ్ళ వయసు అది.

ఆ రోజుల్లో మన అడవులకు చెడ్డకాలం నడుస్తోంది. ఓడలకు టేకు కావాలి, రైలు పట్టాల కింద వేయడానికి దుంగలు కావాలి. బొగ్గు దొరకని చోట రైలింజన్లకు కట్టెలే ఆధారం. కొండలకు కొండలు బోడివైపోతుంటే 1856లో మద్రాసు ప్రభుత్వం అటవీశాఖను ఏర్పాటు చేసి, డాక్టర్ హ్యూ క్లెగ్‌హార్న్ అనే వైద్యుణ్ణి దానికి అధిపతిని చేసింది. ఆ తొలి రోజుల్లోనే యువకుడైన బెడ్డోమ్ ఆయనకు సహాయకుడుగా చేరారు. క్లెగ్‌హార్న్ తరువాత ఆ శాఖకు ఆయనే పెద్ద అయ్యారు. 1882 దాకా అటవీశాఖలోనే ఉన్నారు.

అడవిని అక్షరాల్లోకి తెచ్చిన మనిషి

బెడ్డోమ్ కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే అధికారి కాదు. నీలగిరి, ఆనైమలై, తిరుపతి, కడప కొండలు, విశాఖపట్నం వైపు మన్యం అంతా తిరిగారు. దొరికిన ప్రతి చెట్టునూ, ప్రతి ఫెర్న్ మొక్కనూ పరిశీలించారు. దక్షిణ భారతదేశపు ఫెర్న్‌ల మీద 1863లో పుస్తకం మొదలుపెట్టారు. 1869 నుంచి 1873 వరకు భాగాలుగా వెలువడిన ఫ్లోరా సిల్వాటికా అనే గ్రంథంలో దక్షిణాది కలప చెట్లను బొమ్మలతో సహా వివరించారు. నూట యాభై ఏళ్ళు దాటినా వృక్షశాస్త్ర విద్యార్థులు ఇంకా దాన్ని తిరగేస్తూనే ఉన్నారు.

పాములు, బల్లులు, కప్పల మీద కూడా ఆయనకు పట్టు ఉండేది. తిరుపతి కొండల్లో ఉండే బంగారు బల్లిని 1870లో లోకానికి మొదట వివరించింది ఆయనే. తరువాత వందేళ్ళకు పైగా అది శాస్త్రవేత్తల కంటపడలేదు. 1980లలో మళ్ళీ తిరుమలలోనే కనిపించింది. కడప, తిరుపతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని పేరిత అనే చెట్టుకు 1883లో ఆయన పేరు మీదే సైకస్ బెడ్డోమై అని నామకరణం చేశారు. నేడు అది అంతరించే ప్రమాదంలో ఉంది. దేశాల మధ్య దాని వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం ఉంది.

ఆయన గ్రంథంలో మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా ఉంటాయి. ఆ పేర్లు లండన్‌లో పుట్టినవి కావు. కట్టెలు కొట్టేవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు, తేనె తీసేవాళ్ళు నోటితో చెబితేనే ఆ పుస్తకంలోకి చేరాయి. అంటే అక్షరం రాని మన పెద్దల చదువు కూడా ఆ గ్రంథంలో ఉంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. అందుకని ఆ పేర్లు చూసినప్పుడు మా ఇంటి పెద్దల చేతిరాత చూసినట్లు అనిపిస్తుంది.

కరువు, కమలాపురం

1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా మద్రాసు రాజధానిలో లక్షలమంది ఆకలికి, జబ్బులకు చనిపోయారు. బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, అది 1882లో ఏర్పడింది. మన పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు బళ్ళారి జిల్లాలోనే ఉండేవి.

ఆ 1876లోనే బెడ్డోమ్ మద్రాసు రెవెన్యూ శాఖకు ఉత్తరం రాసి, ప్రోసోపిస్ అనే చెట్టు విత్తనాలు తెప్పించమని కోరారు. అప్పుడు ఆయన ఉత్తర విభాగానికి కన్సర్వేటరు. వాన లేకపోయినా బ్రతికే చెట్టు, త్వరగా పెరిగే చెట్టు, కట్టెలిచ్చే చెట్టు మన మొండి నేలలకు కావాలని ఆయన ఆలోచన. జమైకా నుంచి విత్తనాలు వచ్చాయి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. మన దేశంలో ఈ చెట్టును నాటిన తొలి చోట్లలో కమలాపురం ఒకటి.

ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. కరువులో పుట్టిన ఆలోచన అది. ఆయన కోరిన గుణాలన్నీ ఆ చెట్టులో నిజంగానే ఉన్నాయి. చిక్కు కూడా అక్కడే వచ్చింది. దాని కాయ తియ్యగా ఉంటుంది. మేకలు, గొర్రెలు, ఆవులు ఇష్టంగా తింటాయి. గింజకు గట్టి పెంకు ఉండడం వల్ల కడుపులో అరగదు. పేడతో, పెంటికలతో పడిన చోటల్లా మొలుస్తుంది. వేరు లోతుగా దిగి నీళ్ళు వెతుక్కుంటుంది. పైన కొడితే మోడు నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తాయి. గుంపుగా పెరిగిన చోట కింద గడ్డి మొలవడం కష్టం. పుట్టిన దేశంలో దాన్ని తినే పురుగులూ, దానితో పోటీపడే మొక్కలూ ఉన్నాయి. ఇక్కడ అవేవీ లేవు.

1882లో బెడ్డోమ్ ఉద్యోగం వదిలారు. అదే సంవత్సరం మద్రాసు అటవీ చట్టం వచ్చి, మన పెద్దలు కట్టెలు ఏరుకున్న కొండలు రిజర్వు అడవులు కావడం మొదలైంది. ఆయన స్వదేశం వెళ్ళి మొక్కల మధ్యనే కాలం గడిపారు. 1911 ఫిబ్రవరి 23న లండన్‌లో ఎనభయ్యేళ్ళ వయసులో కన్నుమూశారు. తాను నాటించిన చెట్టు ఎంతదూరం పోయిందో చూడకుండానే వెళ్ళిపోయారు.

ఆయన తరువాత

తప్పు ఒక్కరి మీద వేస్తే న్యాయం కాదు. తరువాత వచ్చినవాళ్ళు కూడా ఈ చెట్టును మెచ్చుకున్నారు. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీన్ని రాజవృక్షంగా ప్రకటించింది. స్వాతంత్ర్యం వచ్చాక సామాజిక అడవుల పేరుతో ప్రభుత్వాలే విత్తనాలు చల్లించాయి. సర్కారు తుమ్మ అనే పేరు అందుకే అతికినట్లు సరిపోయింది. మన దగ్గరే కాదు, ఆఫ్రికాలో కూడా ఇదే జరిగింది. కెన్యాలోని బారింగో ప్రాంతపు పశుపోషకులు తమ మేత భూములను ఈ చెట్టు మింగేసిందని కోర్టుకెక్కారు.

మన వైపు చూడండి. చెరువు కట్ట మీద కంప, చెరువు లోపల కంప, వంక పొడవునా కంప. ఒకప్పుడు ఇక్కడి గుట్టల మీద నారేపి, చిగర, సండ్ర, చిరుమాను, తునికి, బిల్లు, తంగేడు, బందారు, బలుసు ఉండేవి. ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క పని ఉండేది. నాగలికి ఒకటి, నారకు ఒకటి, తల రుద్దుకోవడానికి ఒకటి, మేకకు ఒకటి, పండు తినడానికి ఒకటి. ఇప్పుడు చాలా చోట్ల అన్నిటికీ కలిపి కంపచెట్టు ఒక్కటే మిగిలింది.

అయినా ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మాలో చాలామంది ఇళ్ళలో పొయ్యి వెలిగింది ఈ కంపతోనే. సెంటు భూమి లేని ఇళ్ళకు, వాన పడని ఏడు, కంప కొట్టి బొగ్గుల బట్టీ పెట్టడమే కూలి. మన తల్లిదండ్రులు చేతుల నిండా ముళ్ళు గుచ్చుకుని సంపాదించిన ఆ డబ్బుతోనే మనలో ఎందరికో నోటు పుస్తకాలు వచ్చాయి. నగరంలో కూర్చుని ఈ చెట్టును రాక్షసి అనడం తేలిక. మనం మాత్రం అంత తేలిగ్గా అనలేము. కంపను తీయాలనేవాళ్ళు ముందు ఆ పొయ్యికి జవాబు చెప్పాలి.

ఒక్క చెట్టుతో ఆగలేదు

బెడ్డోమ్ కాలంలో మన చేలలో లేని ఇంకో మొక్క వయ్యారిభామ. 1950లలో పూణె దగ్గర కంటపడి, దేశమంతా పాకింది. ఇది ఒళ్ళు దురదపెట్టే కలుపు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2000 సంవత్సరంలో మన జిల్లా వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చింది. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిని, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగిందని అంచనా వేశారు. పొగాకులో మొదట గుర్తించిన ఒక వైరస్ దీనికి కారణం. వయ్యారిభామలో ఆ వైరస్ ఉన్నా మొక్క మీద జబ్బు గుర్తు కనిపించదు. దాని పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడినప్పుడు, తామర పురుగులు ఆకును గీకితే ఆ గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది. గట్టు మీది కలుపు మనకెందుకు అనుకుంటే చేనులోని పంట పోతుందని ఆ ఏడాది మన రైతులకు తెలిసివచ్చింది. పూత రాకముందే గట్ల మీద వయ్యారిభామను పీకేయమనీ, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ వేయమనీ శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే.

అడవి తిరిగి వస్తుందా?

వస్తుంది. దూరం పోనక్కరలేదు. ధర్మవరం, పెనుకొండల మధ్య చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 32 ఎకరాల బీడు భూమిలో పని మొదలుపెట్టింది. తరువాత చుట్టుపక్కల గ్రామాల ప్రజలతో కలిసి కల్పవల్లి పేరుతో వేల ఎకరాల బోడి గుట్టలను కాపాడారు. వాళ్ళ పద్ధతిలో మాయలేమీ లేవు. మంటలు పెట్టకుండా కాపలా కాశారు. మేతకు కట్టుబాటు పెట్టుకున్నారు. నేలలో మిగిలిన పాత వేర్లను చిగురించనిచ్చారు. అవసరమైన చోట విత్తనాలు వేశారు. గడ్డి తిరిగి వచ్చింది, ఆ గడ్డి ఊరి పశువులకే దక్కింది. అడవి మీద బ్రతికేవాళ్ళే అడవికి కాపలాదారులైతే పని నిలుస్తుందని దాన్ని చూస్తే అర్థమవుతుంది.

కంపచెట్టు విషయంలో కూడా కొన్ని మెళకువలు ఉన్నాయి. పైపైన కొడితే లాభం లేదు, ఇంకా గుబురుగా పెరుగుతుంది. మొలకలను వాన పడిన మరునాడు నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. పెద్ద చెట్టును నేల మట్టం కింద జానెడు, రెండు జానల లోతున వేరు మొదలు దాకా తవ్వి తీయాలి. వాలు నేలలో ఒకేసారి అంతా తీస్తే మట్టి కొట్టుకుపోతుంది. అందుకని కొంచెం కొంచెంగా తీస్తూ, తీసిన చోట వెంటనే తంగేడు, బందారు, చిగర, కానుగ, వేప విత్తనాలు వేయాలి. ఖాళీగా వదిలితే మట్టిలో దాగిన గింజలు మళ్ళీ మొలుస్తాయి. మూడు నాలుగేళ్ళు వెనక్కి వచ్చి చూసుకుంటూనే ఉండాలి. ఆ తవ్వకానికి కూలీ, వచ్చిన కట్టె, దాని బొగ్గు ఆ ఊరి పేదలకే చెందాలి. ఊరికి దగ్గరలో వంటకట్టెల కోసం కొంత కంపను ఉంచుకున్నా తప్పులేదు. చెరువునూ, మేత బీడునూ మాత్రం దానికి వదలకూడదు.

బెడ్డోమ్ జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇదీ. మన చెట్లను ఆయనంత బాగా ఎరిగిన అధికారులు ఆ కాలంలో అరుదు. ఆయన పుస్తకంలోనే నారేపి ఉంది, సండ్ర ఉంది. కరువును తట్టుకునే చెట్లు మన గుట్టల మీదే ఉండగా, తొందరగా పెరిగేదాని కోసం సముద్రాల అవతల వెతికారు. ఎంత చదువుకున్న మనిషైనా, ఎంత మంచి ఉద్దేశం ఉన్నా, కొత్త మొక్కను నేలలో పెట్టే ముందు ఆ నేల మీద బ్రతికేవాళ్ళను అడగాలి. చెట్టు చేసే మేలూ కీడూ ఒక ఉద్యోగ కాలంలో తేలేవి కావు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మనలో కొందరు అటవీశాఖలో, వ్యవసాయశాఖలో ఉద్యోగాలు చేస్తారు, సంతకాలు పెడతారు. ఆ సంతకం విలువ తెలిసి పెట్టాలి. దానికి ముందు ఒక చిన్న పని ఉంది. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు అవ్వను, తాతను కూర్చోబెట్టి, మీ గుట్ట మీద ఒకప్పుడు ఉన్న చెట్ల పేర్లన్నీ అడిగి రాసుకోండి. ఏ చెట్టు దేనికి పనికివచ్చేదో, ఇప్పుడు ఎక్కడ మిగిలిందో రాసుకోండి. పేరు చెప్పినవాళ్ళ పేరు కూడా పక్కనే రాయండి.