మూడోసారి పాసైన శాస్త్రవేత్త: యల్లాప్రగడ సుబ్బారావు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు గూడూరు బడి మైదానమే గుర్తొచ్చింది. పదో తరగతి లెక్కల్లో నేను తప్పిన ఏడాది, ఆటలకూ రాకుండా ముఖం చాటేశాను. జీవశాస్త్రం సారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని సుబ్బారావు గారి కథ చెప్పారు. తర్వాత చదివి తెలుసుకున్నది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది శస్త్రచికిత్స ప్రొఫెసరుకు నచ్చలేదు. దాంతో ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను కొద్దిరోజుల తేడాతో తీసుకుపోయింది.

మామగారి సాయంతో ఓడెక్కి బోస్టన్ చేరారు. పగలు హార్వర్డులో చదువు, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కండరాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత చేతికొచ్చాకే అసలు సంగతి బయటపడింది. కండరం పనిచేస్తే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతుంది. 1927లో దాన్ని, 1929లో ఏటీపీని లోకానికి తెలిపారు. అదే సమయంలో జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. అప్పటిదాకా కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందని నమ్మేవారు. ఆ పరిశోధనకు 1922 నోబెల్ కూడా దక్కింది.

ఇంజనీరుగా నాకు ఇది బాగా అర్థమవుతుంది. ఏటీపీ చేతిలో ఉన్న చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ జేబులో నోటు. వంద మీటర్ల పరుగు మొదటి క్షణాలు వాటితోనే నడుస్తాయి. పదిహేను వందల మీటర్లకైతే ఊపిరి తెచ్చే ఆక్సిజన్‌తో ఏటీపీని ఎప్పటికప్పుడు తయారుచేసుకోవాలి.

ఇంత చేసినా హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందు! పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలిసారి ఉపశమనం ఇచ్చిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ ఆయన హయాంలోనే వచ్చాయి. బోదకాలు రాకుండా మన రాష్ట్రంలో ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే కన్నుమూశారు. భార్య శేషగిరిని మళ్లీ చూడనే లేదు. నోబెల్ రాలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆ మరుసటి ఏడాది నేను పాసయ్యాను. ఈ సంచిక చేతిలో పట్టుకున్న పిల్లల్లో ఈసారి తప్పినవాళ్లు ఎవరైనా ఉంటే, సారు నాకు చెప్పిన కథను వాళ్లకు అప్పగిస్తున్నాను.