నవాబు కూర్చిన పటములు

గోడకు ఒక పటమైనను లేని ఇల్లు మన పల్లెలలో సైతము అరుదు. దేవుని పటమో, గతించిన పెద్దల ఛాయాచిత్రమో ఉండితీరును. ఇటీవల పట్టణములలో చాప్లిన్, గార్బో మొదలైనవారు నటించిన పాత హాలీవుడ్ చిత్రముల పోస్టర్లను వెదకి తెచ్చి, అద్దము వేయించి, పటము కట్టించి దాచుకొనువారు బయలుదేరినారు. సినిమా ఆడినన్నాళ్ళు గోడనంటి, ఆపైన చెత్తలో కలియుటకు అచ్చయిన కాగితములవి. ఎవరో మక్కువతో దాచబట్టి నిలిచినవి. మన భాషకు చెందిన తొలి మూకీ చిత్రము, 1921 నాటి భీష్మప్రతిజ్ఞకు అట్టి రక్షకుడు దొరకలేదు; నేడు దాని ప్రతి ఒక్కటియు లేదు.

దాచుటయే జీవితముగా చేసికొన్న మనుష్యుడు హైదరాబాదులో ఉండెడివాడు. ఆయన నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్. 1889 జూన్ 13న పూనాలో జన్మించినారు. నెల నిండకముందే తండ్రి రెండవ సాలార్‌జంగ్ కన్నుమూసినారు. తాత మొదటి సాలార్‌జంగ్, 1853 మొదలు 1883 వరకు నిజాముకు దివానుగా ఉండి రాజ్యపు ఆదాయవ్యయములను ఒక దారికి తెచ్చిన మంత్రి. మేలిముసుగులో నిలిచిన రెబెక్కా పాలరాతి బొమ్మను 1876లో రోమునగరమున బెంజోనీ అను శిల్పియొద్ద కొన్నది ఆ తాతయే. కావున మనుమని అభిరుచి వంశపారంపర్యమని చెప్పుట వాడుక. తండ్రి ముఖమెరుగని బిడ్డకు ఇంటనున్న వస్తువులే పెద్దల జాడలైనవేమో అని నాకు తోచును.

1912లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఏడవ నిజాము ఆయనను దివానుగా నియమించినారు. రెండేండ్లు దాటినవో లేదో, 1914 నవంబరులో ఆయన ఆ పదవి వదలుకొన్నారు. తాత ముప్పది యేండ్లు నిర్వహించిన పదవి మనుమని చేత మూడేండ్లైనను నిలువలేదు. వివాహము చేసికొనలేదు. ఇక మిగిలిన ముప్పదియైదేండ్లును వస్తుసేకరణకే అంకితమైనవి. ఐరోపాకు పలుమారులు పోయినారు. పోనప్పుడు అక్కడి వర్తకులు వస్తువుల జాబితాలు పంపెడివారు. ఇక్కడి వర్తకులు దివాన్ దేవిడీకే సరకు మోసికొని వచ్చెడివారు. దంతపు పనులు, చీనా పింగాణి, కత్తులు, గడియారములు, చేతికర్రలు, పిల్లల ఆటబొమ్మలు, అరబ్బీ పారశీక లిఖితగ్రంథములు — ఆయన కాదన్నది అరుదు.

చిత్తరువుల సంగతియు అంతే. వెనిస్ నగరమును చూపు కనలెట్టో చిత్రము, హాయెజ్ గీసిన సబ్బుబుడగల చిత్రము అందున్నవి. రవివర్మ చిత్రములున్నవి. ప్రసిద్ధ చిత్రములకు పరులు వ్రాసిన నకళ్ళును ఉన్నవి. ఏది మేలు, ఏది తాలు అని ఎంచక కొన్నారని రసజ్ఞులు కొందరు ఆయనను ఎత్తిపొడుతురు. అందు సత్యము లేకపోలేదు. అయినను మేలైనవానినే ఏరి ఉంచినచో ఆ సంగ్రహము పండితులకు మాత్రమే మిగిలెడిది. మా శ్రీరాంపూరు బొగ్గుబావుల కాలనీలనుండి మంచిర్యాలలో రైలెక్కి హైదరాబాదు చూడబోవు కుటుంబములు అక్కడ మొదట వెదకునది కనలెట్టోను కాదు. గంటగంటకు చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టు గడియారమును. ఆ గుంపులో నిలిచి తలయెత్తి చూచు పిల్లవాడు దారిలో ఒక చిత్తరువునైనను చూడక పోడు.

ఈ కొనుగోళ్ళ ధనమెక్కడిది? జాగీరులది; అనగా రైతు కట్టిన శిస్తు. ఈ మాట మరచి నవాబు ఔదార్యమును పొగడుట న్యాయము కాదు. ఆయన 1949 మార్చి 2న మరణించినారు. అదే సంవత్సరము ఆగస్టులో జాగీరులు రద్దయినవి. సంతానము లేని ప్రభువు, తరలిపోయిన ఆదాయము, గదులనిండ వేలకొలది వస్తువులు! వేలములో పాడి పంచుకొన్నచో నెలలలో ముగిసిపోవు పని. రైతుల సొమ్ముతో వచ్చినవి ఏ దేశపు ధనికుల గోడలకో చేరియుండెడివి.

అట్లు జరుగలేదు. ఆస్తి నిర్వహణకు ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. వస్తువుల అమరికకు కళావిమర్శకుడైన జేమ్స్ కజిన్స్ సాయము పొందినారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ పండితుడు మ్యూజియమును ప్రారంభించినారు. వారసుల వ్యవహారము న్యాయస్థానమునకెక్కి, 1958లో రాజీ కుదిరి, సంగ్రహమంతయు ప్రభుత్వపరమైనది. 1961లో పార్లమెంటు చట్టము చేసి దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించినది. 1968లో వస్తువులన్నియు మూసీ దక్షిణతీరమున కట్టిన నూతన భవనమునకు తరలినవి.

నవాబు నివసించిన దేవిడీ మాత్రము నిలువలేదు. ఆ ఆవరణమున నేడు అంగళ్ళున్నవి.