వెదురునకు మంద్రస్థాయిని ప్రసాదించిన సాధకుడు - పన్నాలాల్ ఘోష్

శ్రీమద్భాగవత దశమస్కంధములోని వేణుగీతాఘట్టమును ఎరుగని వైష్ణవ గృహము అరుదు. మన పల్లెపల్లెను వేణుగోపాలస్వామి కోవెలలున్నవి. ఏటేట కృష్ణాష్టమినాడు బాలకృష్ణుని చేత చిన్న మురళి నుంచి మురియని తల్లి లేదు. అయినను ఒక విచిత్రము. పరమాత్మ స్వహస్తమున ధరించిన వాద్యమును మనుష్యులు చాలకాలము చిన్నచూపు చూచినారు. దక్షిణమున కుంభకోణమునకు చెందిన శరభశాస్త్రిగారు (1872-1904) అంధులయ్యును, తమ స్వల్పజీవితములోనే వేణువును కచేరీ వాద్యముగా నిలిపినారు. ఉత్తరదేశమున మాత్రము అది మరి కొన్ని దశాబ్దములు పసులకాపరుల చేతిలోను, పడవవాండ్ర చేతిలోను, నాటక సమాజముల వాద్యబృందములలోను ఉండెడి పొట్టి వెదురుగొట్టముగానే మిగిలిపోయినది. వీణ, సితారు, సరోదు వాయించువారి సరసన వేణువాదకునకు పీట వేసినవారు లేరు. ఆ లోపమును తీర్చినవారు వంగదేశీయులైన పన్నాలాల్ ఘోష్ మహాశయులు.

వారు 1911వ సంవత్సరము జూలై 24వ తేదీన బారిసాల్ పట్టణమున జన్మించినారు. నదులు, కాలువలు అల్లుకొనిన ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశమున ఉన్నది. తండ్రి అక్షయకుమార ఘోష్ సితారు వాయించెడివారు. బాల్యమున పన్నాలాల్ వ్యాయామమునందును, ముష్టియుద్ధమునందును ఆసక్తి చూపినారు. వేణువు పట్టినవానికి కుస్తీపట్లతో పనియేమని కొందరనుకొనవచ్చును. కాని ఊపిరియే మూలధనమైన విద్యకు ఆ దేహదార్ఢ్యము ఎంత ఆసరాయైనదో వారి తరువాతి వాదనమే తెలుపును.

పదునైదేండ్ల ప్రాయమున, 1926 ప్రాంతమున, వారు కలకత్తా చేరినారు. ఆనాటి మూగచిత్రములకును, అటుపిమ్మట వచ్చిన మాటాడు చిత్రములకును సంగీతమందించు బృందములలో పనిచేసినారు. 1938లో సరాయికేలా నృత్యబృందముతో ఐరోపా వెళ్ళివచ్చినారు. 1940లో బొంబాయి చేరి, 1942లో విడుదలైన ‘బసంత్’ మొదలగు చిత్రములకు సంగీతము కూర్చినారు. ఇవన్నియు పేరును, జీవనోపాధిని తెచ్చినవే. అయితే వారి మనస్సునకు శాంతి లేకపోవుటకు వేరొక కారణమున్నది.

ఆ కారణము చేతిలోని వేణువే. పొట్టి వేణువున తారస్థాయి చక్కగా పలుకును, పల్లెపాట ఇంపుగా వచ్చును. కాని దర్బారీ వంటి రాగమును విలంబముగా ఆలపింపవలెనన్నచో మంద్రస్థాయిలో దిగి నిలువవలెను. గంభీరమైన గాంధారమును మెల్లమెల్లగా ఊయలలూపవలెను. పిట్టవలె కూయు వాద్యమునకు ఆ గాంభీర్యమెక్కడిది? లోపము వాదకునిది కాదు, గొట్టముది. గొట్టము పొడవు పెరిగినకొలది ధ్వని దిగువకు దిగుననుట అందరెరిగినదే. కాని పొడవు పెరిగినచో రంధ్రములు ఎడమెడముగా జరుగును, వ్రేళ్ళకు అందవు. అధికమైన ఊపిరియు కావలెను. నడుమ కణుపు లేని పొడవైన వెదురు దొరుకుటయే కష్టము. పన్నాలాల్ లోహముతోను, ఇతర పదార్థములతోను ప్రయోగములు చేసి, తుదకు వెదురునకే తిరిగి వచ్చినారు. సుమారు 32 అంగుళముల పొడవుగల వేణువు ఆ శ్రమఫలము. దాని స్వరము మనుష్యకంఠమునకు దగ్గరగా దిగినది.

అంతటితో ఆగలేదు. ఉత్తరదేశపు ఆరు రంధ్రముల వేణువునందు పై మూడు రంధ్రములు మూసినచో షడ్జము, ఆరును తెరచినచో ప్రతిమధ్యమము, ఆరును మూసినచో పంచమము పలుకును. అనగా మధ్యమమునుండి ప్రక్కనున్న పంచమమునకు పోవలెనన్న, తెరచిన ఆరు వ్రేళ్ళును ఒక్కుమ్మడి వాలవలెను. ఆ క్షణమున నాదము తెగును. మన కల్యాణికి సాటియైన యమన్ రాగమునందు ఆ రెండు స్వరముల నడుమ జారుడు లేకున్న రాగమెట్లు నిండును? పన్నాలాల్ అడుగున ఏడవ రంధ్రము చేర్చి, దానిని చిటికెనవ్రేలికి అప్పగించినారు. ఏడును మూసినచో పంచమమునకు దిగువనున్న ప్రతిమధ్యమము పలుకును. చిటికెనవ్రేలు మెల్లగా ఎత్తినచో అది జారి పంచమమున కలిసిపోవును. చూచుటకు చిన్న రంధ్రమే. కాని నాదము తెగక సాగుటకు అదియే దారియైనది.

వేణువు నేర్చుకొను బాలబాలికలు ఈ జీవితమునుండి గ్రహింపవలసినది ఇచ్చటనే ఉన్నది. పెద్ద వేణువు వంచనను సహింపదు. మంద్రస్థాయిలో ఊపిరి ఏమాత్రము ఎక్కువైనను నాదము పై స్థాయికి ఎగిరిపోవును, తక్కువైన గాలిసవ్వడియే మిగులును. అందువలన సాధన మంద్రముతోనే ఆరంభింపవలెను. తంబురా శ్రుతి చెవిన పడుచుండగా ఒక్కొక్క స్వరమును ఊపిరి ఉన్నంతవరకు సమముగా నిలిపి, అది వణకనప్పుడే తరువాతి స్వరమునకు పోవలెను. ఊపిరి రొమ్ము పైభాగమునుండి కాక ఉదరమునుండి రావలెను, భుజములు లేవరాదు. రంధ్రములను వ్రేళ్ళ కొనలతో కాక, కొనకు వెనుకనున్న మెత్తని భాగముతో, బిగింపక కప్పవలెను. వ్రేలు బిగిసినచో మీండు అనబడు జారుడు రాదు. రంధ్రమును సగము తెరచి మెల్లమెల్లగా జరుపుటకు సడలిన వ్రేలే కావలెను. ఇంకొక సంగతి. చల్లని వెదురు ఊపిరికి వేడెక్కినకొలది శ్రుతి హెచ్చును. కొంతసేపు వాయించి వెచ్చజేసిన పిమ్మటనే తంబురాతో శ్రుతి కలుపుట మేలు. వేగము కొరకు తొందరపడువారు ఈ మెట్లను దాటిపోవుదురు. వారి దోషములు దురితకాలమున దాగును, విలంబమున బయటపడును.

పన్నాలాల్ తొందరపడలేదు. హార్మోనియం విద్వాంసులైన ఖుషీ మొహమ్మద్ ఖాన్ వద్దను, గాయకులు గిరిజాశంకర చక్రవర్తి వద్దను శిక్షణ పొందినారు. 1947లో, అప్పటికే దేశమెల్ల ఎరిగిన విద్వాంసులై యుండియు, ముప్పదియారేండ్ల వయస్సున మైహర్ అల్లాఉద్దీన్ ఖాన్ గారికి శిష్యులైనారు. పేరు వచ్చిన పిమ్మట మరల శిష్యుడై కూర్చుండుట సామాన్యమైన విషయము కాదు. సరిగమలు దిద్దుకొనుటకు సిద్ధపడిన ఆ వినయమే ఏడవ రంధ్రముకంటె గొప్పదని చెప్పదగును.

శ్రీరామకృష్ణ మఠాధ్యక్షులైన విరజానంద స్వామివారి వద్ద వారు మంత్రదీక్ష పొందినారు. జపమును, వేణుసాధనను వారు వేరువేరుగా చూడలేదు. రెండింటికిని కావలసినది నిలకడగల ఊపిరియు, చెదరని మనస్సునే కదా. దీపావళి, పుష్పచంద్రిక, హంసనారాయణి, చంద్రమౌళి మొదలగు నూతన రాగములను కల్పించినారు. ఆ పేర్లలోనే వారి మనస్సు ఎటు తిరిగియున్నదో కనబడును.

1956లో ఆకాశవాణి వారు ఢిల్లీలోని జాతీయ వాద్యబృందమునకు వారిని నిర్వాహకులుగా నియమించినారు. నాలుగేండ్లు గడచినవి. 1960 ఏప్రిల్ 20వ తేదీన ఢిల్లీలోనే హఠాత్తుగా వారి గుండె ఆగినది. అప్పటికి వయస్సు నలువదియెనిమిది. తమ్ముడు నిఖిల్ ఘోష్ తబలా విద్వాంసులుగా 1995 వరకు జీవించినారు. అల్లుడును, శిష్యుడును అగు దేవేంద్ర ముర్దేశ్వర్ (1923-2000) గురువుగారి బాణీని నిలిపినారు.

పన్నాలాల్ తెచ్చిన పెద్ద వేణువు నేడు ఉత్తరదేశపు సభలన్నిటను వినబడుచున్నది. ఏడవ రంధ్రమును మాత్రము చాలమంది వదలి, ఆరింటితోనే వాయించుచున్నారు. ముర్దేశ్వర్ పరంపరకు చెందినవారు ఇప్పటికిని చిటికెనవ్రేలిని ఆ అడుగు రంధ్రముమీదనే ఉంచుచున్నారు.