సలహా ఇచ్చేవాడికి డబ్బులు ఎవరిస్తున్నారు?

ఉద్యోగం వచ్చిందని వాట్సాప్ స్టేటస్ పెట్టారనుకోండి. మొదటి జీతం పడకముందే ఫోన్లు మొదలవుతాయి. ఒకరు ఇన్సూరెన్స్ ఏజెంటుగా చేసే దూరపు బంధువు. ఇంకొకరు శాలరీ అకౌంట్ తెరిచిన బ్యాంకు నుంచి. మరొకరు టెలిగ్రామ్‌లో షేర్ల టిప్స్ ఇచ్చే సీనియర్. నాకూ వచ్చాయి. మొదటి ఫోనుకే పడిపోయి ఇరవై ఏళ్ల పాలసీ తీసుకున్నా. మూడో ఏడు ఆపేశాక చేతికి ఎంత వచ్చిందో రాయాలంటే ఇప్పటికీ సిగ్గే. ఆ తర్వాతే బెంజమిన్ గ్రాహం జీవితం చదివాను. వారెన్ బఫెట్ గురువుగా ఆ పేరు మీరు వినే ఉంటారు.

గ్రాహం 1894లో లండన్‌లో పుట్టాడు. ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడే కుటుంబం న్యూయార్క్ చేరింది. పింగాణీ సామాను వ్యాపారం చేసే తండ్రి 1903లో చనిపోయాడు. తల్లి ఇంట్లో అద్దెకు మనుషుల్ని పెట్టుకుని సంసారం లాగింది. మిగిలిన కాస్త డబ్బు, అప్పు తీసుకుని మరీ షేర్లలో పెట్టింది. 1907 సంక్షోభంలో అదీ పోయింది. అమ్మ ఇచ్చిన చెక్కు పట్టుకుని బ్యాంకుకెళితే, ఈ ఖాతాలో అయిదు డాలర్లయినా ఉంటాయా అని అక్కడివాళ్లు గుసగుసలాడుకోవడం ఆ పిల్లాడి చెవిన పడింది.

కొలంబియా యూనివర్సిటీ స్కాలర్‌షిప్ కూడా మొదట చేజారింది. ఇంటిపేరు ఒకటే అయిన బంధువు ఒకడు అక్కడే చదువుతుండటంతో ఆఫీసులో కాగితాలు తారుమారయ్యాయి! తర్వాత సీటు దొరికి, 1914లో క్లాసులో రెండో స్థానంలో పాసయ్యాడు. ఇంగ్లిష్, ఫిలాసఫీ, మ్యాథ్స్ మూడు విభాగాలూ పాఠాలు చెప్పమని పిలిచాయి. ఇంట్లో డబ్బు కావాలి. వాల్‌స్ట్రీట్‌లో వారానికి 12 డాలర్ల ఉద్యోగంలో చేరాడు.

ఇక్కడ కాస్త ఆగండి. ఆ కంపెనీ అతన్ని బాండ్లు అమ్మడానికి పెట్టుకుంది. మిస్సోరి పసిఫిక్ అనే రైల్వే కంపెనీ లెక్కలు తీరిగ్గా చదివి, దాని బాండ్లు నమ్మదగ్గవి కావని కాగితం మీద రాసిపెట్టాడు. అది ఇంకో బ్రోకరేజీ చేతికి వెళ్లింది. వాళ్లు ఎక్కువ జీతానికి పిలిచారు. వదులుకోవడం ఇష్టంలేక పాత కంపెనీ జీతం పెంచి, అమ్మకాల పని నుంచి తప్పించి లెక్కల పని అప్పగించింది. కొనొద్దని రాసిన కాగితమే మొదటి ప్రమోషన్ తెచ్చిందన్నమాట.

అంత తెలివైనవాడూ మోసపోయాడు. 1919లో సావోల్డ్ టైర్ అనే కంపెనీలో, పరిచయస్తుడి మాట మీద డబ్బు పెట్టాడు. మొదట బాగా లాభం వచ్చింది. ఆశ పెరిగి మళ్లీ పెట్టాడు, స్నేహితుల డబ్బూ పెట్టాడు. తీరా చూస్తే ప్రమోటర్ల గారడీ. టిప్స్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఈ కథ కొత్తగా అనిపించదనుకుంటా.

1926లో ఏం చేశాడో చూడండి. పైప్‌లైన్ కంపెనీలు ప్రభుత్వానికి పంపే నివేదికలు వాషింగ్టన్‌లో ఉంటాయని తెలిసి రైలెక్కి వెళ్లాడు. ఎవరైనా అడిగి చూడొచ్చు, కానీ ఎవరూ అడగరు. నార్తర్న్ పైప్‌లైన్ షేరు మార్కెట్లో 65 డాలర్లు. కంపెనీ దగ్గరున్న బాండ్లే లెక్కేస్తే షేరుకి 95 డాలర్లు! కొన్నాడు. ఆ డబ్బు వాటాదారులకు పంచమని అడిగితే యాజమాన్యం పట్టించుకోలేదు. మర్నాటి ఏడు పెన్సిల్వేనియాలోని ఆయిల్ సిటీలో జరిగిన సమావేశానికి వెళితే, అతని ప్రతిపాదనను బలపరిచే మనిషే లేడు. అనుకున్నది చెప్పకుండానే తిరుగు రైలెక్కాడు. 1928లో మిగతా వాటాదారుల మద్దతు కూడగట్టుకుని వెళ్లి బోర్డులో చోటు సంపాదించాడు. కంపెనీ చివరికి షేరుకి 70 డాలర్లు పంచింది.

1929 పతనం మాత్రం అతన్నీ వదల్లేదు. 1932కల్లా తను నడిపే ఫండ్ విలువ దాదాపు 70 శాతం కరిగిపోయింది. ఒప్పందం ప్రకారం లాభంలోనే అతనికి వాటా, పాత నష్టం పూడేదాకా పైసా లేదు. అలా ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేశాడు. ఇంటి ఖర్చులకు పాఠాలు చెప్పాడు, వ్యాసాలు రాశాడు. డేవిడ్ డాడ్‌తో కలిసి రాసిన ‘సెక్యూరిటీ అనాలిసిస్’ 1934లో వచ్చింది.

1949 నాటి ‘ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’లో సలహాదారుల గురించే ఒక అధ్యాయం ఉంది. బ్రోకరు బతికేది మీ కొనుగోళ్లు, అమ్మకాల మీద వచ్చే కమీషన్‌తో, కాబట్టి అతని మాటను ఆ లెక్కలోనే వినమంటాడు గ్రాహం. మన దగ్గరా అంతే. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌కి డబ్బు ఫండ్ కంపెనీ ఇస్తుంది. సెబీ దగ్గర రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కి ఫీజు మీరే ఇస్తారు. వాళ్ల పేర్లు సెబీ వెబ్‌సైట్లో ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొంటే, మీ పెట్టుబడి మీద ఎంత కమీషన్ వెళ్లిందో ఆర్నెల్లకోసారి వచ్చే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. 2013 నుంచి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లూ ఉన్నాయి. ఇవన్నీ నాకు పాలసీ ఆపేశాక తెలిశాయి.

డాక్టర్లలాగే డబ్బు సలహా ఇచ్చేవాళ్లకూ ఒక పరీక్ష ఉండాలని గ్రాహం 1940ల్లోనే వాదించాడు. వృత్తిలోవాళ్లే చాలామంది వద్దన్నారు. చివరికి 1963లో మొదటి సీఎఫ్‌ఏ పరీక్ష జరిగింది. మీలో కొందరు ఇప్పుడు దానికే చదువుతుండొచ్చు. మూడు లెవెల్స్‌లోనూ ఎథిక్స్ భాగం వదిలే వీల్లేదని వాళ్లకి తెలుసు.

1976లో, ఎనభై రెండో ఏట, గ్రాహంని మళ్లీ అడిగారు. తను నేర్పిన సుదీర్ఘమైన షేర్ల విశ్లేషణ ఇప్పుడు పడ్డ శ్రమకు తగ్గ ఫలితం ఇస్తుందన్న నమ్మకం లేదని, తేలికైన పద్ధతులు చాలని చెప్పేశాడు. నలభై ఏళ్లు అమ్ముడైన సొంత పుస్తకం మీద ఆ మాట! అదే ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో కన్నుమూశాడు.