అలెగ్జాండర్ పార్క్సు చరిత్రము

దువ్వెన మొదలు నీళ్ల బిందె వఱకు నేడు ప్లాస్టిక్కుతో చేయని గృహోపకరణము లరుదు. ఆ పదార్థమునకు తొలిరూపము కల్పించిన అలెగ్జాండర్ పార్క్సు 1813వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీని ఇంగ్లండు దేశమందలి బర్మింగుహాము నగరమున, ఇత్తడి తాళములు చేయించు నొక గృహస్థునకు కుమారుడై జన్మించెను. చిన్ననాడే లోహపు పోతపని నేర్చి, పిమ్మట ఎల్కింగ్టను వారి కార్ఖానాలో చేరెను. సుకుమారమైన పువ్వులకు సైతము వెండిపూత వేయగల నేర్పరి యని పేరొందెను.

1846లో ఇతడు రబ్బరును, గట్టాపెర్చా యను మఱియొక చెట్టుపాల బంకను కలుపు విధానమునకు పేటెంటు పొందెను. రబ్బరు సాగును గాని బిగువు చాలదు. గట్టాపెర్చా చల్లారిన బిఱుసెక్కును. రెండు పాలిమర్లను మేళవించుటకు ఇదియే తొలి పేటెంటని ఈ శాస్త్రపు చరిత్రకారులు చెప్పుదురు.

ఈ మేళవింపు విషయమున విద్యార్థులు తెలియవలసిన వింత యొకటి కలదు. పాలీస్టైరీను గాజువలె పెళుసైనది. దానిలో రబ్బరును మిక్కిలి సన్నని కణములుగా చేర్చినచో, దెబ్బకు పుట్టిన పగులు ఆ కణములయొద్ద బలము కోల్పోయి నిలిచిపోవును. రబ్బరు పూర్తిగా కరగి కలిసిపోయెనా, ఈ మేలు కలుగదు. వేఱుగానే యుండి, చుట్టునున్న పదార్థమును గట్టిగా అంటిపెట్టుకొని యుండవలెను. మోటారు సైకిలు నడుపువారు ధరించు హెల్మెట్లలో పెక్కింటి పైచిప్ప ఏబీఎస్ అను నిట్టి పదార్థమే.

పార్క్సునకు కీర్తి తెచ్చినది పార్కెసీను. ప్రత్తిని ఆమ్లములతో మార్చినపుడు వచ్చు పదార్థము ఆరిన పెళుసగును. ఆముదము, కర్పూరము వంటివి చేర్చి ఇతడు దానికి మెత్తదనము కూర్చెను. ఇవి పాలిమర్లు కావు గాని, పెళుసుదనము మాన్పుటయే వీని పనియు. మన వీరపునాయునిపల్లెలో ప్రత్తిని, ఆముదమును, కర్పూరమును ఎఱుగని యిల్లు కలదా! 1862లో లండను ప్రదర్శనమున దీనికి కంచు పతకము లభించెను.

1866లో కంపెనీ పెట్టెను. 1868 నాటికే అది మూతపడెను. చౌకగా అమ్మవలెనని నాసి సరకు వాడుటచే దువ్వెనలు వంకరపోయి పగిలెను. లోపము పదార్థములో కంటె తొందరలోనే హెచ్చుగా నుండెనని మా తలంపు.

తరువాత అమెరికాలో హయత్తు సోదరులు కర్పూరముతోనే సెల్యులాయిడు చేసి వర్ధిల్లిరి. పూర్వము పార్క్సు కార్ఖానా నడపిన డానియల్ స్పిల్లు, ఆ ఉపాయము తనదని వారిపై వ్యాజ్యము వేసెను. ఏండ్లకొలది వాదము సాగినది. తుదకు 1884లో న్యాయాధిపతి, కర్పూరమును వాడుట తొలుత కనిపెట్టినవాడు పార్క్సే యని నిర్ణయించెను. అప్పటికి ఇతనికి 70 ఏండ్లు. ఆఱేండ్లకు, 1890 జూను 29వ తేదీని మరణించెను.